పత్తి పీకిన సంఘం

ఆదివారం సాయంత్రం పడవ కదలాలి. శుక్రవారం పొద్దున చూస్తే సగం పెట్టెలు ఖాళీ. రాజక్కకు ఒళ్లు మండింది. ఓరుగల్లు కొత్తవాడలో దర్రీల, అంటే జంపఖానాల, అంచులు కుట్టే మనిషి ఆమె. సూది పక్కన పడేసి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని గ్రూపులో అరిచింది.

"ఏమే, అందరు సచ్చిన్రా? మక్కలు ఎవలేస్తరు, గుడ్లు ఎవలేస్తరు? రెండు పడవలు ఉత్తగనే పాయె. ఇది గూడ పోతే సంఘం బందు!"

పల్లెపంట అనే ఫోన్ ఆటలో సంగతి ఇది. ఎవరి పొలం వారిది, ఎవరి కోళ్లు వారివి. వారం వారం ఒక పడవ వస్తుంది. అది అడిగిన సరుకు, ఈసారైతే మక్కలనే మొక్కజొన్న, కోడిగుడ్లు, సంఘమంతా కలిసి పెట్టెల్లో నింపాలి. వరుసగా మూడు పడవలు తప్పితే ఆ సంఘాన్ని ఆటే రద్దు చేస్తుంది. పైసలు పెట్టి ఆటలో వజ్రాలు కొని, వాటితో పెట్టెలు నింపేవాళ్లకు ఈ బాధ లేదు. కొనలేనివాళ్లు ఒకరికొకరు ఇచ్చుకోవాల్సిందే. అందుకే రాజక్క కొత్తవాడ ఆడవాళ్లనూ, తన తల్లిగారి ఊరు రఘునాథపల్లి ఆడవాళ్లనూ పోగేసి సంఘం కట్టింది. ఊళ్లో ఎన్ని మీటింగులకు పోయినా ఆమెది వెనక వరుసే. తన చేతుల మీద నిలబడ్డ మొదటి సంఘం ఇదే. ఇది కూలితే ఇంకోటి కట్టే ధైర్యం తనకు రాదని ఆమెకు తెలుసు.

ముందు జవాబిచ్చింది శ్రావణి. పక్క వీధి పిల్ల, సంఘంలో అందరికన్నా పెద్ద పొలం ఆమెది.

"అక్కా, నీ సంఘంల అడుక్కునుడే ఉన్నది. హనుమకొండోళ్ల గ్రూపు నన్ను పిలుస్తాంది. నేను పోత."

రాజక్క ఒక్కొక్కరికీ ఫోన్ కొట్టింది. ముందు తమ్ముడి భార్యకు.

"సుకన్యా, నీ గోదాంల ఏమున్నది?"

"పత్తి, వదినా."

"పత్తేనా? మక్కలేవి?"

"పత్తికి రేటు మంచిగుండె గద!"

సరస్వతిదీ అదే పాట, సమ్మమ్మదీ అదే. ఆటలో పత్తి ధర పెరిగినట్టు కనిపించిందో లేదో, ఓరుగల్లు మనుషులు కదా, జానెడు జాగా వదలకుండా పత్తి పెట్టేశారు. మక్క లేదు. మక్క లేక దాణా లేదు. దాణా లేక కోళ్లు మూలన పడ్డాయి. గోదాములు మాత్రం పడవ అడగని పత్తితో పగిలిపోతున్నాయి.

"బుద్ధున్నదా మీకు? అందరొక్కటే పెడితే ఏమైతదో మన ఊర్లల్ల సూస్తలేరా?" అని గ్రూపంతా దులిపేసింది రాజక్క.

రఘునాథపల్లి నుంచి కట్టమ్మ గొంతు వినిపించింది. వరసకు చిన్నమ్మ. పొలం చిన్నది, నోరు పెద్దది. "బిడ్డా, నీ చేన్ల ఏం పెట్టినవో జర ఫొటో పెట్టు."

రాజక్క తన పొలం తెరిచి చూసుకుంది. ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లగా పత్తి. మింగలేక, కక్కలేక, ఫొటో పెట్టింది.

"లీడరమ్మది గూడ పత్తే!" అని గ్రూపు గొల్లున నవ్వింది.

"నవ్వుడు ఆపున్రి," అంది కట్టమ్మ. "మేము కలుపుకు బదులు పోతుంటిమి. ఇయ్యాల నీ చేన్ల నేను, రేపు నా చేన్ల నువ్వు. కూలి లేదు, అడుక్కునుడు లేదు. గీ ఆటల గూడ ఒకల చేన్లకు ఒకలు పోవచ్చు గద?"

పోవచ్చు. పక్కవాళ్ల పొలానికి నీళ్లు పెట్టొచ్చు, కోళ్లకు దాణా వేయొచ్చు. పదిమంది నీళ్లు పెడితే పంట చకచకా వస్తుంది. ఇన్నాళ్లూ ఎవరూ పోలేదు, అంతే. ఇప్పుడు మాత్రం ముందు నా చేనంటే నా చేనని పంచాయతీ మొదలైంది.

"చిన్న చేను ముందు," తేల్చేసింది రాజక్క. "కట్టమ్మది మొదలు, శ్రావణిది ఆఖరు. పత్తి పీకున్రి, మక్క పెట్టున్రి."

"రేపు పండే పత్తి పీకి నేను ఆఖర్న నిలవడాల్నా? గదేం న్యాయం?" అని శ్రావణి గయ్యిమంది.

రాజక్క మళ్లీ తన పొలం తెరిచింది. మాటలతో సంఘాలు నడిపేవాళ్లను చాలామందిని చూసిందామె. పండబోయే తన పత్తిని తానే పీకి, మక్క విత్తి, ఫొటో పెట్టింది. కాసేపటికి సుకన్య పీకింది. ఆ తర్వాత సమ్మమ్మ. శ్రావణి చేను మాత్రం పత్తితోనే ఉండిపోయింది.

శనివారమంతా ఆడవాళ్లు పొయ్యి దగ్గర, ఆటోలో, మగ్గం ఆగినప్పుడల్లా ఒకరి చేనుకు ఒకరు నీళ్లు పెట్టారు. మక్క పెట్టెలు నిండాయి. గుడ్ల పెట్టెలే మిగిలాయి. అన్ని గుడ్లు పెట్టే కోళ్లు ఒక్క శ్రావణి దగ్గరే ఉన్నాయి. ఆఖరి వంతూ ఆమెదే.

"పోయేదానికి మనమెందుకు బదులు పోవాలె వదినా?" అంది సుకన్య.

"ఇంకా పోలే గద. వంతంటే వంతే."

ఆదివారం మధ్యాహ్నం శ్రావణి రాజక్క గడపలో నిలబడింది, ఫోన్ చేతిలో పట్టుకుని.

"నా కోళ్లకు దాణా ఎవలేసిన్రు?"

"అందరేసిన్రు. నీ వంతు అచ్చింది."

"నేను పోతనని జెప్పిన గద!"

"నువ్వు జెప్పినవ్. కోళ్లు జెప్పలే."

శ్రావణికి నవ్వాగలేదు. వచ్చి రాజక్క కుడుతున్న దర్రీ మీదే చతికిలబడి, గుడ్లన్నీ ఒక్కో పెట్టెలో వేసింది. "గా హనుమకొండోళ్లు చేరాల్నంటే ముందు వజ్రాలు కొనమన్నరక్కా," అంది తల ఎత్తకుండా. ఆఖరి పెట్టె మూత పడింది. పడవ కూత వేసి కదిలింది. గ్రూపులో కేకలే కేకలు.

ఆ సంబరం చల్లారకముందే రాజక్క గ్రూపులో హుకుం జారీ చేసింది. "మళ్ల వారం పత్తి ఒక్కలే పెట్టాలె. కట్టమ్మ పెడతది. తక్కినోళ్లు మక్క."

"గట్లెట్ల అక్కా?" ఎన్నడూ వినని గొంతు. "అన్నీ నువ్వే జెప్తె సంఘమెందుకు? అందర్ని అడుగు."

"ఎవలే అది?"

"తిరుమలను. సరస్వతి తోటికోడల్ని."

రాజక్కకు ఒక్క క్షణం కోపమొచ్చింది. తర్వాత శ్రావణి వైపు చూసి కళ్లెగరేసింది.

"మంచిగన్నవ్ పిల్లా," అంది ఫోన్‌లోకి. "చెప్పున్రి మరి. పత్తి ఎవలు పెడ్తరు?"

అందరూ ఒక్కసారే మాట్లాడారు.