గూట్లో తాళంచెవి

మా మామ ముత్తయ్య మంచివాడే. ఆ మంచితనమే నా కొంప ముంచబోయింది.

నా పేరు శ్రీలత. కోరుట్ల ఆడపిల్లను, నోరు కాస్త పెద్దది. సిరిసిల్లలో మా మరమగ్గాల షెడ్డులో నేసే చీరలను నేరుగా అమ్ముదామని నేనే సర్వర్ పెట్టి, వెబ్‌సైట్ తయారుచేశాను. అది నడిస్తే షార్జాలో పని మానుకుని వచ్చేస్తానన్నాడు మా ఆయన దివాకర్. కానీ తెరవగానే పైన 'సురక్షితం కాదు' అని వస్తోంది.

"గా మాట చూస్తే ఎవడు కొంటడు? ముందుగాల సైట్ పేరు పక్కన తాళం బొమ్మ పడనియ్యి, అప్పుడు అస్త," అన్నాడు ఫోన్లో.

ఆ తాళం కోసం పొద్దున్నుంచి కుస్తీ పట్టాను. చివరికి సైట్‌కు భద్రత ఇచ్చే సర్టిఫికెట్, దాని రహస్య తాళంచెవి చేతికొచ్చాయి. స్క్రీన్ మీద బారెడు గజిబిజి అక్షరాలు చూపించి, "గిదే మామా, మన దుకాణం తాళంచెవి. కొనేటోళ్లు రాసేది నడిమిట్ల ఎవ్వడు చదవకుండ కాపాడుతది," అని చెప్పి చాయ్ పెట్టడానికి లేచాను.

చాయ్ తెచ్చేసరికి నా ఫోన్ టింగుమంది. షెడ్డు వాట్సాప్ గ్రూపులో మామ పంపిన ఫోటో. నా తాళంచెవి, అక్షరం పొల్లుపోకుండా! కింద ఆయన గొంతు: "దుకాణం చెవి గిది. ఎవలకన్న పనిపడ్తది, దాసిపెట్టుకోండ్రి."

"ఏం పని జేసినవ్ మామా!"

"గట్ల మొత్తుకుంటవేంది బిడ్డా? షెడ్డు చెవి గూట్లనే పెడ్తం గద. ముందుగాల అచ్చినోడు తీస్తడు. ఒక్కనాడన్న పోగు పోయిందా?"

నిజమే, పోలేదు. అంత కోపంలోనూ నవ్వొచ్చింది. "గా గూడు మనోళ్లకే తెలుసు మామా. గీ గూట్ల లోకమంత చెయ్యి వెడ్తది. తాళం అందరికి కనవడాలె, చెవి సర్వర్ దాటొద్దు."

ఆయన మొహం చిన్నబోయింది. "అయితే నా పోరడు రాడా?"

నా ప్రాణం చివుక్కుమంది. "ఎందుకు రాడు? తాళమే మారుద్దాం!"

పాత సర్టిఫికెట్ రద్దుచేసి, కొత్త తాళంచెవితో ఇంకొకటి తెచ్చి ఎక్కించాను. ఈసారి మామ ఫోన్ లాక్కుని నా కొంగున ముడివేసుకున్నాను.

సైట్ తెరిచాం. పేరు పక్కన బుల్లి తాళం! "పడ్డది! పడ్డదిరో!" అంటూ మామ షెడ్డంతా తిరిగాడు.

లింకు షార్జాకు పంపాను. రెండో చాయ్ తాగేలోపే మొదటి ఆర్డరు వచ్చింది. నెమలి రంగు చీర. కొన్నది దివాకర్! చిరునామా రాయాల్సిన చోట ఇలా ఉంది: "పంపుడు వద్దు. నేనే అచ్చి శ్రీలతకు ఇస్త. టికెట్ తీసిన."

మామ రెండుసార్లు చదివి కళ్లు తుడుచుకున్నాడు. "గిదన్న గ్రూపుల పెట్టొచ్చునా బిడ్డా?"

"పెట్టు మామా," అని కొంగు ముడి విప్పాను.