అందరి వెనక సుమంగళ

ఆకుపచ్చ కోటు గుండీలు పెట్టుకుంటూ సుమంగళ వచ్చినవాళ్ల మడమలు చూసింది. ముఖాలతో ఆమెకు పని లేదు. నడక మొదలయ్యాక ముఖాలన్నీ ముందుకు తిరిగిపోతాయి, ఆమెకు మిగిలేవి వీపులూ మడమలే. కొత్త బూట్లు వేసుకొచ్చిన ఆ అమ్మాయి రెండు గల్లీలు దాటకముందే కుంటుతుంది. గళ్ల చొక్కా ఆయన కెమెరా పట్టుకొని ప్రతి మలుపులోనూ ఆగిపోతాడు. బీదరు నుంచి వచ్చిన దంపతులు చేతులు పట్టుకొని నడుస్తారు కాబట్టి వాళ్లతో బాధ లేదు. సుమంగళ కోటు సరిచేసుకొని, కర్రకు కట్టిన ఎర్రగుడ్డ జెండా తీసుకొని, అందరి వెనక్కి వెళ్లి నిలబడింది.

నారాయణఖేడ్ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే లిదియా మేడం ఆదివారం పొద్దున ఊరు చూపించే నడకలు పెట్టింది. ఒక వారం బావుల నడక, ఒక వారం పాత దుకాణాల బోర్డుల నడక, ఇంకో వారం మిర్చీబండ్ల నడక. మొదట్లో ఊరంతా నవ్వింది. "ఖేడ్‌ల చూసేదేమున్నది? బస్టాండు చూసి బస్సెక్కుడే గద" అన్నారు. అయినా జనం వస్తూనే ఉన్నారు. ఈ వారం తలుపుల నడక.

మేడం నడుముకు చిన్న స్పీకరు కట్టుకొని ముందు నడుస్తుంది. సుమంగళ చివర నడుస్తుంది. కాలేజీలో ఆమె ఊడ్చే మనిషి, ఆదివారం మాత్రం తోక. పిల్లలు అలాగే పిలుస్తారు, "తోకమ్మా" అని. ఆమెకు కోపం రాదు. తోక లేకపోతే ఏ జంతువూ ఈగలు తోలుకోలేదు కదా అనుకుంటుంది. ఆమె వెనక ఎవరూ మిగిలిపోకూడదు, అదే ఆమె పని. రెండేళ్లుగా సొంత ఊరి గల్లీలన్నీ ఇలా తిరిగింది కానీ, ఆ ఊరి గురించి మేడం ఏం చెబుతుందో ఆమెకు తెలియదు. స్పీకరు గొంతు తోక దాకా రాదు. గరగరమని ఏదో వస్తుంది, తర్వాత చప్పట్లు వినిపిస్తాయి. ముందువాళ్లు కొడితే ఈమె కూడా కొడుతుంది.

వెనకబడటం ఆమెకు కొత్త కాదు. కంగ్టి దగ్గర తండాకు ఆనుకొని ఉన్న చిన్న ఊళ్లో, ఆడపిల్లల్లో ఆఖరిదిగా పుట్టింది. అక్కల పాత లంగాలు కట్టింది, అక్కలు తిన్నాక తిన్నది. పెళ్లయ్యాక మొగుడి వెనక నడిచింది. ఆయనది జోరు నడక. వెనక మనిషి వస్తోందా లేదా అని తిరిగి చూసే అలవాటు ఆయనకు లేదు. ఝరాసంగం జాతరలో తెల్లచొక్కా వేసుకొని ఆయన ముందు, నెత్తి మీద రొట్టెల మూటతో ఈమె వెనక. జనం అడ్డం పడ్డారు. ఈమె ఆ తెల్లచొక్కా వీపునే పట్టుకొని చాలాదూరం పోయింది. ఆ వీపు తిరిగితే, ఎవరిదో ముఖం.

తప్పిపోయిన మనిషి ఉన్నచోటే ఉండాలంటారు. దీపాలు పెట్టేదాకా అక్కడే నిలబడింది. ఆయన రాలేదు, ఇంటికీ రాలేదు. షోలాపూర్‌లో కనిపించాడని ఒకరు, భీవండిలో మిల్లులో ఉన్నాడని ఒకరు అన్నారు. తప్పిపోయింది తనా, వదిలిపోయింది ఆయనా అన్నది ఇన్నేళ్లకూ తేలలేదు. అత్తవారింట్లో మాత్రం, "నడిచే మనిషిని పోగొట్టుకొచ్చినవ్, కండ్లు యాడ పెట్టినవే?" అని అడిగారు. పేరేమో సుమంగళ. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన అని సామెత ఉండనే ఉంది. కాలి మెట్టెలు తీసెయ్యమని చెప్పేవాళ్లు లేరు, ఉంచుకొమ్మని చెప్పేవాళ్లూ లేరు. అవి అలా అరిగిపోతున్నాయి.

"తంగీ, ఇయ్యాల తలుపులా?"

బాలప్ప వచ్చాడు. చెల్లెల్ని పిలిచినట్టు కన్నడంలో ఆయన ఆమెను తంగీ అంటాడు. నాగల్‌గిద్ద వైపు మనిషి. మార్కెట్ యార్డులో కందులు తూకం వేసి వేసి, ముసలితనాన పని మానుకొని, ఖేడ్‌లో తమ్ముడి ఇంట్లో ఒక మూలగది పట్టుకొని ఉంటున్నాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకంటే "తూకం కుదరలే" అని నవ్వుతాడు. మొదటిసారి నడక చివర ఫలహారంగా పెట్టే మరమరాల సుస్లా కోసం వచ్చాడు. ఆ తర్వాత నడక కోసమే వస్తున్నాడు. రెండడుగులు వేస్తే ఆయాసం, నాలుగడుగులు వేస్తే ముచ్చట. అందువల్ల ఎప్పుడూ సుమంగళ దగ్గరే తేలతాడు. ఆమె వెనక ఎవరూ ఉండకూడదు గానీ, పక్కన ఉండకూడదని ఎవరూ చెప్పలేదు.

"తలుపులే అన్నా. నడువు."

ఆమె ముఖం తిప్పుకుంది. ఇందాకే లిదియా మేడం ఆమెను పక్కకు పిలిచి చెప్పింది. పోయిన వారం బాలప్ప వల్ల నడక ఆలస్యమై హైదరాబాదు వాళ్లకు బస్సు తప్పింది. "సుమంగళా, పెద్దమనిషికి దమ్మొస్తున్నది, నాకు భయమైతుంది. ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలె? వచ్చే వారం నుంచి రావద్దని నువ్వే చెప్పు. నేను చెప్తే బాధపడ్తడు." నిజమే. మేడం చెప్తే ఆయన బాధపడతాడు, తను చెప్తే తను కూడా పడుతుంది. మేడం ఆ లెక్క వెయ్యలేదు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. మొదటి గల్లీ మలుపులో చెబుదామనుకుంది. అక్కడ బాలప్ప గోడకు చెయ్యి ఆనించి, "చూడు తంగీ, మా తమ్ముని పెండ్లాం నా చాయ్‌ల చక్కెర బందు జేసింది. షుగరు నాకు కాదు, ఆమెకు" అన్నాడు. సుమంగళ నవ్వింది. నవ్విన నోటితో ఆ మాట ఎలా చెబుతుంది? రెండో మలుపులో చెబుదామనుకుంది.

నడకలో తోకకు మాత్రమే కనిపించేది ఒకటి ఉంది. గుంపు ఒక పాత తలుపు ముందు నిలబడి, ఇత్తడి గుబ్బలూ చెక్కిన నెమళ్లూ చూసి, ఫొటోలు తీసుకొని ముందుకు పోతుంది. అప్పుడు ఆ తలుపు తెరుచుకుంటుంది. లోపలి మనిషి బయటికొచ్చి బిత్తరపోయి చూస్తుంది.

ఇవాళ ఒక ఇంట్లోంచి కాశమ్మ వచ్చింది. చేతులకు జొన్నపిండి. "ఏంది, గంతమంది నిలబడిండ్రు? మా ఇంట్ల ఎవలన్న సచ్చిండ్రా?"

"ఏం లేదక్కా, మీ తలుపు చూసిండ్రు," అంది సుమంగళ.

"తలుపా? గదేం తప్పు చేసింది? వానకు ఉబ్బుతది, ఎండకు సందులిస్తది. తీసేసి ఇనుపది పెట్టిద్దమనుకుంటున్న."

"పెట్టియ్యకు తల్లీ," అన్నాడు బాలప్ప, ఆ ఇంటి అరుగు మీద కూలబడుతూ. "దీని ఫొటో హైదరాబాదు పోతున్నది. నువ్వెప్పుడన్న పోయినవా?"

కాశమ్మ నవ్వి లోపలికి పోయింది. గుంపు అప్పటికే గల్లీ చివర మలుపు తిరుగుతోంది. బాలప్ప లేవలేదు. పొద్దున చలి ఇంకా పోలేదు, అయినా నొసటికి పట్టిన చెమటను నీలిగళ్ల దస్తీతో తుడుచుకున్నాడు. అరచెయ్యి ఛాతీ మీద పెట్టుకొని, కందులు తూకానికి వచ్చేదాకా కాచుకునేవాడిలా ఓపికగా కూర్చున్నాడు.

"నొస్తున్నదా అన్నా? దవాఖానకు పోదామా?"

"ఆయాసమే. ఎప్పటిదే. జరసేపు కూసుంటే పోతది."

చెప్పాలంటే ఇదే అదను. నీకు చాతనైత లేదు గదా, వచ్చే వారం నుంచి ఇంటి పట్టున ఉండు. ఇంతే, నాలుగు ముక్కలు. సుమంగళ నోరు తెరిచింది, మళ్లీ కర్రకున్న జెండా గుడ్డ సరిచేసింది. వారమంతా కాలేజీ గదుల్లో బెంచీల కింద ఊడుస్తుంది. ఇంటికొచ్చి ఒక్క పొయ్యి, ఒక్క గిన్నె. ఆమెతో ఎవరైనా మాట్లాడితే, "ఆడ ఊడ్వలే" అనో, "తాళం తియ్" అనో మాట్లాడతారు. చక్కెర గురించి, తమ్ముడి భార్య గురించి, ఊరికే మాట్లాడే మనిషి ఈయనొక్కడే. ఈ మనిషి రాని ఆదివారం ఆమెకు వద్దు.

"ఏందో చెప్పబోయినవ్?" అన్నాడు బాలప్ప.

"ఏం లేదు."

"నేనొకటి అడుగుతా. గా మేడం ముంగట ఏం చెప్తదో నీకు ఎప్పుడన్న ఇనబడ్డదా?"

"చప్పట్లు ఇనబడ్తయి."

"రెండేండ్ల సంది తిరుగుతున్నవ్. మన ఊరి ముచ్చట, మనకే తెల్వకపాయె." ఆయన గల్లీ చివరకు చెయ్యి చూపాడు. "నువ్వు పో. ముంగటికి పోయి ఒక్క తలుపు సంగతన్న ఇనిరా. వచ్చి నాకు చెప్పు. నేనీడ్నే ఉంట."

"నిన్ను ఇడిశిపెట్టి పోతే మేడం..."

"నేను యాడికి పోతనమ్మా? హోగి బా."

పోయి రా అని కన్నడంలో అన్నాడు. అమృతమ్మ, అంటే సుమంగళ తల్లి, ఆ మాటే అనేది. సుమంగళ ఒకసారి ఆయన ముఖం చూసింది. కాస్త తెల్లబడింది గానీ నవ్వుతున్నాడు. జెండా చంకన పెట్టుకొని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని ఆమె వేగంగా నడిచింది. కొత్త బూట్ల అమ్మాయిని దాటింది, గళ్ల చొక్కా ఆయన్ను దాటింది. ఎవరినైనా దాటి నడవడం ఎన్నాళ్లయిందో. బీదరు దంపతులు పక్కకు జరిగి దారిచ్చారు. వాళ్ల ముఖాలు అప్పుడు చూసింది. ఆవిడకు ముక్కుపుడక ఉంది.

లిదియా మేడం ఒక పెద్ద వాకిలి ముందు నిలబడి ఉంది. ఏనుగు పట్టేంత తలుపు, దాని ఒక రెక్కలోనే ఇంకో చిన్న తలుపు. "ఇదిగో, ఈ దిడ్డి తలుపు చూడండి," అంటోంది మేడం. స్పీకరు గొంతు ఇక్కడ స్పష్టంగా, నిండుగా ఉంది. "పొద్దుగూకితే పెద్ద తలుపు మూసేసేవాళ్లు. దాన్ని మళ్లీ తియ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అందుకని దాంట్లోనే ఈ చిన్నది పెట్టించుకున్నారు. పొలం నుంచి, సంత నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం. ఒక్కళ్లు తల వంచుకొని లోపలికి రావొచ్చు."

వెనకబడ్డవాళ్ల కోసం తలుపులో తలుపు పెట్టుకున్నారట. సుమంగళకు ఎంత సంతోషమైందంటే, అందరికన్నా ముందు చప్పట్లు కొట్టేసింది. జనం తిరిగి చూశారు, తర్వాత వాళ్లూ కొట్టారు.

మేడం దగ్గరకొచ్చింది. "నువ్విక్కడున్నవేంది? చెప్పినవా ఆయనకు?"

"చెప్పలే మేడం. చెప్ప." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఆయన్ని రానియ్యుండ్రి. జల్ది జల్ది తీసుకొస్త. ఆయన రాకుంటే నాతోటి మాట్లాడేటోళ్లు ఎవ్వరు లేరు."

ఆ మాట లిదియా మేడం ఎదురుచూసింది కాదు. "సరే, చూద్దాం తియ్. రానీ," అంది.

రానీ అంది. సుమంగళ వెనక్కి తిరిగి దాదాపు పరుగెత్తింది. చెప్పడానికి రెండు ముచ్చట్లు. దిడ్డి తలుపుది ముందు చెప్పాలా, మేడం మాట ముందు చెప్పాలా? మేడం మాట చెబితే అంతకుముందుదీ చెప్పాల్సి వస్తుంది, నిన్ను రావద్దన్నారని. అందుకని తలుపే ముందు.

బాలప్ప అరుగు మీద ఒక చివరకు జరిగి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. గడ్డం ఛాతీకి వాలింది. కునుకు తీస్తున్నాడనుకుంది.

"బాలప్పన్నా, తలుపుల తలుపు ఎందుకు పెడ్తరో ఎర్కనా?" ఎదురుగా నిలబడి, రొప్పుతూనే మొదలుపెట్టింది. ఏనుగు తలుపు సంగతి చెప్పింది, ఆలస్యంగా వచ్చేవాళ్ల సంగతి చెప్పింది, తను ముందుగా చప్పట్లు కొట్టిన సంగతీ చెప్పింది. ఆయన ఊ కొట్టలేదు. "మేడం నిన్ను రమ్మన్నది. వచ్చే వారం గిట్ట జల్ది నడవాలె మరి" అని కూడా చెప్పింది. అప్పుడు భుజం మీద చెయ్యి వేసింది. ఆ భుజం ఆమె చేతిని పట్టించుకోలేదు, మెల్లగా గోడ వెంట ఒరిగింది.

"కాశమ్మక్కా, నీళ్లు!" అని అరిచింది. నీళ్లు ఆయన పెదాల మీంచి జారి చొక్కా మీద పడ్డాయి.

తర్వాత అందరూ వచ్చారు. బాలప్ప తమ్ముడు ఆటో తెచ్చాడు. గళ్ల చొక్కా ఆయన బాలప్ప ఛాతీ నొక్కి చూసి, తల అడ్డంగా ఊపాడు. అయినా దవాఖానకు తీసుకుపోయారు, తీసుకుపోకుండా ఎవరుంటారు. లిదియా మేడం స్పీకరు తీసి చేత్తో పట్టుకొని, సుమంగళ పక్కన నిలబడింది. ఆమె వీపు మీద చెయ్యి వేసింది. సుమంగళకు ఏడుపు రాలేదు. రెండేళ్లలో ఒక్కసారి ముందుకు పోయింది, ఒక్కసారి. ఆ ఒక్క మాటే లోపల తిరుగుతోంది.

కాసేపటికి గుంపు కదిలింది. వచ్చినవాళ్లకు బస్సులున్నాయి. మేడం కొంత దూరం పోయి, ఆగి, "సుమంగళా, రా" అంది.

"మీరు నడువుండ్రి. నేను ఎనుకొస్త."

వీపులన్నీ మలుపు తిరిగాయి. గల్లీలో ఆమె, గుమ్మంలో కాశమ్మ మిగిలారు. కాశమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నువ్వు అటు పోంగనే బయటికొచ్చి, చాయ్ తాగుతవా అని ఆయన్నడిగిన. వద్దన్నడు. ఒక్కడివే ఉన్నవ్, నేనన్న కూసుంటనంటే, ఈడ కూసోకు తల్లీ, మా తంగి వస్తది, జాగా ఆపిన అన్నడు."

సుమంగళ అప్పుడు అరుగు వైపు చూసింది. ఆయన ఆనుకున్న గోడకు పక్కన, ఒక మనిషికి సరిపడా చోటులో, బస్సులో సీటు ఆపినట్టు నీలిగళ్ల దస్తీ పరిచి ఉంది. ముడతలు లేకుండా దులిపి పరిచిన ఆ దస్తీ గాలికి ఎగిరిపోకుండా అంచు మీద చిన్న రాయి పెట్టి ఉంది.