వెచ్చని నీళ్ళలో పైక్

పిల్లల కొలనులోకి మోచేతివరకూ చెయ్యి దించి నీటి వేడి చూస్తూండగా ఇల్మోకు పొద్దున ఇంట్లో చూసిన నోరు గుర్తుకువచ్చింది. గాజుతొట్టిలో, నీటి పైఅంచున, బాతుముక్కులాంటి ఆ పొడుగు నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. మొప్పలు ఆయాసపడే ముసలివాడి డొక్కల్లా ఎగసిపడుతున్నాయి.

లాహ్తి ఊరి ఈతశాలలో నీళ్ళకు వేడి సరిపెట్టడమే అతని ఉద్యోగం. ముసలివాళ్ళ కొలను కాస్త చల్లబడితే, వాళ్ళు నోరెత్తకముందే వెళ్ళి మర తిప్పేవాడు. క్లోరిన్‌కు ఎండి కణుపుల దగ్గర పగిలిన చేతులు. వెలిసిన నీలం చొక్కా. రోజూ చూసేవారికి సైతం గుర్తుండని ముఖం.

గాజుతొట్టి అతని భార్య తూఓవిది. ఆమె పోయాక, ఆమె పెంచిన వేడిదేశాల రంగుచేపలూ, వాటికోసం నీళ్ళు కాచే హీటరూ మిగిలాయి. నిరుటి వేసవిలో సరస్సు ఒడ్డున రెల్లు మొదట్లో దొరికిన వేలెడు పైక్ చేపపిల్లను ఇల్మో సరదాకి అందులో వదిలాడు. వారం తిరక్కుండా అది తూఓవి చేపలన్నిటినీ మింగేసింది. ఆ రోజే హీటరు తీసేయవలసింది. తీయలేదు. పైక్ చల్లనీటి జీవి. వెచ్చదనానికి దాని ఆకలి రగులుకుంది; అది జానెడైంది, మూరెడైంది. గాలాలు వేసే ఊరు; చేప బాగోగులను అక్కడ పొడుగునుబట్టే చెబుతారు. శనివారం సౌనా ఆవిరిస్నానాలయ్యాక తోటి పనివాడు కౌకో కొలబద్దతో వచ్చి గాజుకు ఆనించి కొలిచేవాడు. వెంట ఎవరో ఒకరు ఉండేవారు. ఏళ్ళ తరబడి మోగని తలుపుగంట మోగసాగింది.

నిరుడు శరత్తులో వదిలేద్దామనుకున్నాడు. ఈ ఏడూ అనుకున్నాడు. ఇంకొక్క శనివారం అనుకుంటూండగానే సరస్సు గడ్డకట్టింది. వెచ్చదనం మరిగిన చేపను ఒక్కసారిగా మంచుకింద వదిలితే బతకదు. బాల్కనీలో ఇంకో తొట్టి పెట్టి, చేపను అందులోకి మార్చి, నీళ్ళను రోజుకింత చల్లార్చాలి. ఇవాళే మొదలుపెట్టాలి. ఒళ్ళు పెరిగేకొద్దీ వెచ్చని నీళ్ళలో దానికి ఊపిరి చాలడంలేదు; ఇవాళ మేత వేయకూడదు.

కాఫీ వేళ కౌకో మూతబిగించిన బకెట్టు బల్లకింద పెట్టాడు.

"ఏరా ఇల్మో, మీ దొరగారికి ఆకలేస్తోందా? పరక చేపలు తెచ్చాను, ప్రాణంతో ఉన్నాయి. మా హెల్వి కూడా వస్తానంటోంది. నా మొహం చూసిచూసి విసుగొచ్చిందట, నీ చేప మొహం చూస్తుందట."

"ఇవాళ వద్దేమోరా. దానికి ఒంట్లో బాలేదు."

"ఒంట్లో బాలేకే పోయిన వారంకంటే రెండువేళ్ళు పెరిగిందా? ఆ జబ్బేదో నాకూ అంటించరా బాబూ!"

గదిలో అందరూ నవ్వారు. ఇల్మో కూడా నవ్వాడు. వద్దన్న మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

సాయంత్రం గుమ్మం దగ్గర బూట్లు విడిచి కౌకో, అతని భార్య లోపలికి వచ్చారు. ఇల్మో కాఫీ పోసి, ఏలకుల రొట్టె కోశాడు. హెల్వి తొట్టి ముందు వంగి, గాజుమీద అరచెయ్యి ఆనించింది.

"ఇల్మో అన్నా, ఇదేంటి, ఊపిరాడనట్టు నోరు తెరుస్తోంది? నీళ్ళు మరీ వెచ్చగా లేవూ?"

నీళ్ళ వేడి చెప్పడానికే జీతం తీసుకునే మనిషి చూపు దించుకున్నాడు.

"దానికి అలవాటేలేమ్మా," అన్నాడు. అని, బకెట్టులోంచి పరక తీసి తనచేతులతోనే వేశాడు.

పైక్ విల్లులా వంగింది, విసురుగా సాగింది. పరక సగంవరకూ దాని నోట్లోకి పోయింది. మిగతా సగం పోలేదు. పైక్ ఆ తోకను పళ్ళమధ్యనే ఉంచుకుని, నిద్రలో ఒత్తిగిలినంత నెమ్మదిగా పక్కకు ఒరిగింది. తెల్లని పొట్ట పైకి వచ్చింది.

కౌకో కొలబద్దను జేబులో పెట్టుకున్నాడు. హెల్వి కోటు తొడుక్కుంటూ ఇల్మోను ఒక్కసారి చూసింది. ఆమె తిట్టినా బాగుండేది.

"పోనీలేరా," అన్నాడు కౌకో గుమ్మంలో. "వేసవికి ఇంకోటి పట్టుకుందాం."

తలుపు మూసుకున్నాక ఇల్మో చొక్కాచెయ్యి మడిచి, పిల్లల కొలనులో దించినట్టే, తొట్టిలోకి మోచేతివరకూ చెయ్యి దించాడు. నీళ్ళు హాయిగా, గోరువెచ్చగా ఉన్నాయి. రెండు చేతులతో పైక్‌ను ఎత్తి, వార్తాపత్రికలో చుట్టి, బాల్కనీలో మంచుమీద పెట్టాడు.

లోపల, చేపలేని తొట్టి మూలన హీటరు ఎర్రదీపం ఒకసారి ఆరి, మళ్ళీ వెలిగి, నీళ్ళను కాచసాగింది.