లాభం నుంచి పద్నాలుగు

మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ సారమ్మ అప్పటికి నాలుగు వందల దగ్గర ఉంది. వలలోంచి చేతికి ఐదేసి చేపపిల్లలను తీసి పక్క చెరువులోకి జారవిడుస్తోంది. చేతికో అంకె. కైకలూరు చెరువుల మీద నలభై ఏళ్లుగా ఆమె పని ఇదే. వేళ్ల సందులు తెల్లగా నానిపోయి ఉంటాయి. నీటి మీది ఎండ కళ్లలోకి కొట్టినా రెప్ప పడదు. భర్త అబ్రహాం పోయాడని కబురొచ్చిన రోజున కూడా వెయ్యి పూర్తిచేసి, చీర పిండుకుని, అప్పుడు ఇంటికి నడిచింది.

ఆ కళ్ల కోసమే హైస్కూలు సైన్సు టీచరు జానకి ఆమెను అడిగింది. ఆ సాయంత్రం ఏడున్నరకు, శనిగ్రహానికి అవతల తిరిగే రాతి ముద్ద ఒకటి ఒక నక్షత్రానికి అడ్డం వస్తుందట. దాని నీడ కొల్లేరు మీదుగా పోతుందట. నక్షత్రం ఎన్ని సెకన్లు కనపడకపోతే రాయి అంత పెద్దదని లెక్క. జానకికి కంటి ఆపరేషనై నెల కూడా కాలేదు, చూపు నిలిపితే నీరు కారుతోంది. టెలిస్కోపులో చూసి సారమ్మ "పోయింది", "వచ్చింది" అనాలి. జానకి స్టాప్‌వాచీ నొక్కుతుంది.

చెరువు యజమాని పట్టాభిరామయ్యకు ఇది తెలిసింది. "ఏం సారమ్మా, చుక్కల్ని కూడా చేతికి ఐదేసి ఎంచుతావా?"

"పిల్లలకన్నా అవే నయమండి. ఎగిరి గట్టుమీద పడవు" అంది సారమ్మ, లెక్క వదలకుండా.

చీకటి పడ్డాక గట్టు మీద చలి పట్టింది. చెరువులోంచి నేరుగా వచ్చిన సారమ్మ చేతులైనా సరిగా తుడుచుకోకుండా కంటి గొట్టానికి కన్ను ఆనించింది. ఆవగింజంత వెలుగు. వణుకుతోంది. చూస్తూ ఉండగానే లేదు. దీపం కొండెక్కినట్టు మెల్లగా కాదు, ఉన్నది లేకుండా పోయింది.

"లాభం" అంది నోరు.

కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఆ వైపు ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. జానకి బొటనవేలు ఇంకా "పోయింది" కోసం కాచుకునే ఉంది. "రెండు... మూడు..." సారమ్మ గొంతు ఆగలేదు. "పద్నాలుగు. వచ్చిందండి."

వాచీలో అన్నీ సున్నాలే. ఖగోళ పరిశోధకులకు రెండేళ్లు ఉత్తరాలు రాసి తెచ్చుకున్న అవకాశం. మళ్లీ రాదు.

"పోయింది అనమన్నాను కదా సారమ్మా" అంది జానకి.

"లెక్క మొదలెట్టేటప్పుడు ఆ మాట అంటే పిల్లలు దక్కవంటారండి. నోరు తిరగలేదు." సారమ్మ తల వంచుకుంది. "లెక్క మాత్రం తప్పలేదండి."

జానకి మళ్లీ వాచీ అందుకుంది. తరవాత వంద దాకా అదే తీరున ఎంచమంది. లాభం అనగానే నొక్కి, వంద అనగానే ఆపి, టార్చి వేసి చూసింది. తొంభై తొమ్మిది సెకన్లు.

"మొదటి చెయ్యి పడ్డప్పుడే లాభం అంటాం కదండి. మధ్యలో తొంభై తొమ్మిదే" అంది సారమ్మ.

అంటే నక్షత్రం దాగింది పదమూడు సెకన్లు. జానకి కాగితం మీద దాన్ని నీడ పరిగెత్తే వేగంతో గబగబా హెచ్చవేసింది. ఏలూరు నుంచి హైదరాబాదు ఎంత దూరమో, ఆ రాయి కనీసం అంత పొడుగట. ఒక్క అంకె తప్పితే ఏలూరు నుంచి భీమడోలు అంత తేడా వచ్చేదట.

"అంతటిదానికి నా నోటి లెక్కేనా అండి" అంది సారమ్మ మెల్లగా.

మళ్లీ గొట్టానికి కన్ను ఆనించి చాలాసేపు కూర్చుంది. ఈసారి ఏమీ ఎంచలేదు.

తెల్లారి కోడలు లిడియా కాఫీ తెచ్చి లేపితే సారమ్మ లేవలేదు. నిద్రలోనే పోయిందన్నారు. ఆ పూట చెరువు మీద వల ఎత్తలేదు.

సమాధుల దొడ్డి నుంచి వచ్చి జానకి ఆ పరిశోధకులకు ఉత్తరం రాసింది. చూసినవారు అన్నచోట సారమ్మ పేరు, కాలం అన్నచోట పదమూడు సెకన్లు. టెలిస్కోపు పెట్టెలో సర్దబోతూ ఆగింది. కంటి గొట్టం అంచున, గోటి చివరంత చేప పొలుసు ఒకటి ఎండి అంటుకుని ఉంది.