కాళ్ళు ఆడని పక్క

హోటల్లో పక్కలు నేను వేసినట్టు ఇంకెవరూ వేయలేరు. నా కింద పనిచేసే పిల్లలు నన్ను ‘ఇస్త్రీ అక్క’ అంటారు, నా వెనకాలే అనుకోండి. అలాంటిదాన్ని, నలభై దగ్గరపడుతుండగా నర్సింగ్ చదవాలన్న పిచ్చి పట్టుకుంది. పిచ్చి అన్నది మా ఆయన కాదు, నేనే.

రెండు కాలేజీలు చూసుకున్నాను. ఒకదానిలో సాయంత్రం క్లాసులు. వార్డుకు పంపేది చివరి ఏడాదిలోనే. సూపర్‌వైజర్ ఉద్యోగం ఎక్కడికీ పోదు. రెండోదానిలో మొదటి వారం నుంచే పొద్దున్నే వార్డులో ఉండాలి. అలాగైతే నేను హోటల్లో సాయంత్రం షిఫ్టుకు మారి, మళ్ళీ మామూలుగా గదులు సర్దుకోవాలి. ఎంత కష్టపడి ఎక్కిన మెట్టు అది! మొదటిదే మేలని మనసులో తేల్చేసుకున్నాను. రెండోది చూడ్డానికి వెళ్ళింది మా వదిన పోరు పడలేకే.

అక్కడ చూడవచ్చినవాళ్ళందరినీ ఒక గదిలోకి తీసుకెళ్ళి, ఖాళీ మంచాలు చూపించి, తలా ఒక పక్క వేయమంది టీచరమ్మ. నా వయసులో సగం ఉన్న ఆడపిల్లలు దుప్పటి ఏ కొస ఎటో తెలియక తికమకపడుతున్నారు. నాకు లోలోపల నవ్వు. చకచకా వేసేశాను: మూలలు మడిచి, పై దుప్పటిని కాళ్ళవైపు పరుపు కిందికి బిగించి తోసి, ఎక్కడా ఒక్క ముడత లేకుండా. పిల్లలు నోరెళ్ళబెట్టారు. నా వెంట వచ్చిన వదిన అయితే నన్ను తనే కన్నట్టు మురిసిపోయింది.

"చాలా బాగుందమ్మా. ఏదీ, ఒకసారి అందులో పడుకో," అంది టీచరమ్మ.

పడుకున్నాను.

"ఇప్పుడు పాదాలు పైకి లేపు."

లేవలేదు. దుప్పటి వేళ్ళను నొక్కిపెట్టేసింది.

"నువ్వైతే తన్ని లాగేసుకుంటావు. కదల్లేని మనిషి ఏం చేస్తుంది? రోజుల తరబడి ఇలాగే ఉంటే పాదాలు కిందికి వాలి అలాగే బిగుసుకుపోతాయి."

ఆవిడ కాళ్ళ దగ్గర దుప్పటికి ఒక మడత వదులుగా పెట్టి మళ్ళీ సర్దింది. వేళ్ళు హాయిగా ఆడాయి. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ నేను వేసిన హోటల్ పక్కల్లో ఒక్కదాంట్లోనూ పడుకుని చూడలేదు. గుమ్మంలో నిలబడి చూసి మెచ్చుకునేదాన్ని, అంతే.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో, టీచరమ్మ చూపినట్టే పక్క వేశాను. నేను ఎప్పుడూ ఒళ్ళు ముడుచుకుని పడుకునేదాన్ని కాబట్టి నాకు ఇన్నేళ్ళూ ఆ బిగువు తెలియలేదు. కునుకు తీద్దామని వచ్చిన మా ఆయన కాళ్ళు చాపి ఆశ్చర్యపోయాడు.

"ఇదేంటి, ఇవాళ కాళ్ళు ఆడుతున్నాయి?"

"రోజూ ఆడవా?"

"నువ్వు అటు తిరిగాక తన్ని తన్ని లాగేసుకుంటా. పెళ్ళయినప్పట్నుంచీ అదే పని."

"ఒక్కనాడైనా చెప్పొచ్చుగా!"

"నీ పక్కకు వంక పెట్టి బతికి బట్టకట్టేదెవరు? హోటల్లో మాత్రం ఎవరైనా చెప్తారా?"

నవ్వేశాను గానీ ఆ మాట గుచ్చుకుంది. నిజమే, నాకెవరూ చెప్పరు. నేనే అలా చేసి పెట్టుకున్నాను.

మర్నాడు మేనేజరు దగ్గరికెళ్ళి, రెండు కాలేజీల సంగతీ చెప్పి, సాయంత్రం షిఫ్టు అడిగాను. ఆయనకు అర్థం కాలేదు.

"ఉన్న పదవి పోతుందమ్మా. సాయంత్రం కాలేజీలోనే చేరొచ్చుగా?"

"అక్కడ నా తప్పు చివరి ఏడాది దాకా బయటపడదండీ," అంటూ స్టోర్ రూమ్ తాళాలు బల్ల మీద పెట్టాను. "ఆ పొద్దుటి కాలేజీలో అయితే చేరకముందే చెప్పారు."