జిక్కో షెడ్డు గేటు ముందు

సౌమ్య చేతిలో బ్యాటరీ పేలినప్పుడు సూపర్‌వైజర్ కుమార్ పరుగెత్తుకొచ్చి, ముందు కింద పడ్డ గేమ్ యంత్రాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాతే పిల్లను చూశాడు. పక్క బల్ల దగ్గర పనిచేస్తున్న ఐలవ్వ ఇదంతా కళ్లారా చూసింది.

"స్క్రీన్ పోయింది," అన్నాడు కుమార్.

"పిల్ల చెయ్యి కాలిందిరా! నీ స్క్రీన్ల మన్నువడ!" అని అరిచి, ఐలవ్వ మంచినీళ్ల క్యాన్ ఎత్తి సౌమ్య అరచేతి మీద వంచింది.

కోరుట్ల ఊరి బయట ఉన్న ఆ రేకుల షెడ్డులో జిక్కో కంపెనీ వీడియో గేములు తయారవుతాయి. టీవీకి తగిలించేది జిక్కో హోమ్. చేత్తో పట్టుకుని ఆడేది జిక్కో పాకెట్. మేడిపల్లి, గొల్లపల్లి నుంచి కంపెనీ బస్సులో వచ్చే అరవై మంది ఆడవాళ్లు వాటిని బిగిస్తారు. బీడీలు చుట్టి నడుము పోయిన ఐలవ్వది పరీక్ష చేసే పని. పొద్దంతా మీటలు నొక్కి నొక్కి బొటనవేళ్లు వాచేవి. గోడ మీద మాత్రం బారెడు అక్షరాలతో 'మేం తయారుచేసేది ఆనందం' అని రాసి ఉండేది. మూత్రానికి పోవాలన్నా చిట్టీ అడిగే చోట ఆనందం తయారవుతోందట!

బ్యాటరీలు ఉబ్బుతున్నాయని వాళ్లు వారం నుంచి మొత్తుకుంటూనే ఉన్నారు. జగిత్యాలలో కొత్త పాకెట్ విడుదల సభ ఉంది, సరుకు ఆగడానికి వీల్లేదన్నాడు కాంట్రాక్టర్ సంజీవ్.

మర్నాడు అతను ఐలవ్వను ఏసీ గదిలోకి పిలిచి ఒక కాగితం ముందుకు తోశాడు.

"సౌమ్య పని ఇడిసిపెట్టి గేమ్ ఆడుకుంట పేల్చుకున్నదని రాసినం. నువ్వు చూసినవు గదా. సంతకం పెట్టు."

"ఆడుకున్నదా? సార్, మీ షెడ్డుల మాకు నీళ్లు తాగ సందు లేదు, ఆటలెక్కడియి?"

"నీకు రాజకీయం ఎందుకమ్మా? పెట్టకుంటే రేపటి సంది బస్సెక్కకు."

"రేపటిదాంక ఎందుకు? గిప్పుడే పోతున్న," అంది ఐలవ్వ. కాగితం మాత్రం అక్కడ వదల్లేదు. మడిచి కొంగున కట్టుకుంది.

అన్నాల వేళ అందరి ముందు దాన్ని చదివి వినిపించింది. కొందరు తిట్టారు. కొందరు తల దించుకున్నారు.

"నీకేందక్కా, ఎట్లన్న బతుకుతవ్," అంది వెంకటవ్వ. "నా మొగడు దుబాయ్ వొయ్యి బీమారి తోటి అచ్చిండు. గీ పని వోతె మేం ఏం తినాలె?"

"రేపు నీ చేతిలనే పేలితె?" అని అడిగింది సరిత, బ్యాటరీలు బిగించే పిల్ల. "గప్పుడు నువ్వు సుత ఆడుకున్నవనే రాస్తడు."

వెంకటవ్వ టిఫిన్ మూత పెట్టి లేచింది. "నడువుండ్రి."

అరవై మందీ వెళ్లి గేటు ముందు కూర్చున్నారు. చేతికి కట్టుతో సౌమ్య కూడా వచ్చింది. జగిత్యాల వెళ్లాల్సిన లారీ లోపలే నిలిచిపోయింది. ఉబ్బిన బ్యాటరీలన్నీ తీసెయ్యాలి, సౌమ్యకు కంపెనీయే వైద్యం చేయించాలి, ఆ అబద్ధం రాసినవాడు అందరి ముందు తప్పు ఒప్పుకోవాలి. ఇదీ వాళ్లు అడిగింది.

సాయంత్రానికి హైదరాబాద్ నుంచి పెద్దాఫీసరు దిగాడు. అత్తరు వాసన అతనికన్నా ముందే వచ్చింది. "అమ్మా, మనమంతా ఒకే కుటుంబం," అంటూ లారీలోంచి ఒక పెట్టె దింపించి, మనిషికొక పాకెట్ బహుమతి అని పంచసాగాడు. వెంకటవ్వ తన చేతికొచ్చినదాన్ని తిరగేసి చూసింది. వెనక మూత ఉబ్బి ఉంది.

"గిది ఉబ్బింది సార్. జెర పట్టుకోండ్రి," అని అతని ముందు చాపింది.

ఆఫీసరు చేతులు వెనక్కి లాక్కుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంది సార్, కుటుంబం అంటివి?" అని అరిచింది సరిత. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. పాకెట్లన్నీ తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టారు. వాటిని దాటే ధైర్యం చాలక అతను పక్కనున్న మురికి కాలువలో అడుగేసి కారెక్కాడు.

ఆ వెనకే పోలీసులు వచ్చారు.

"లీడర్ ఎవరు?"

"మేమే!" అన్నాయి అరవై గొంతులు.

కుమార్ మాత్రం వేలెత్తి ఐలవ్వను చూపించాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమెను ఈడ్చుకెళ్లి వ్యానెక్కించారు. అంతలో ఒక బస్సు వచ్చి గేటు దగ్గర ఆగింది. సంజీవ్ సిరిసిల్ల నుంచి కొత్త పనివాళ్లను రప్పించాడు.

"చూసిన్రా? మీరు లేకుంటె పని ఆగుతదనుకున్నరా?" అన్నాడు మీసం దువ్వుతూ.

ఐలవ్వ వ్యాను జాలీ పట్టుకుని చూసింది. బస్సులోంచి మొదట నర్సవ్వ అనే పెద్దావిడ దిగింది. మరమగ్గాల దగ్గర నూలు కండెలు చుట్టి బతికిన మనిషి. నాలుగడుగులు వేసి సౌమ్య దగ్గర ఆగిపోయింది.

"చేతికేమైంది బిడ్డా?"

"గీ షెడ్డులనే కాలిందవ్వా. బ్యాటరీ పేలింది. నాదే తప్పని రాసుకున్నరు."

నర్సవ్వ కట్టును చూసింది, సంజీవ్‌ను చూసింది. "పని ఉన్నదని చెప్పినవ్ గని, గిది చెప్పలేదేందిరా?" అని, చెప్పులు విడిచి సౌమ్య పక్కనే రోడ్డు మీద కూర్చుంది. బస్సులో నుంచి ఒకరి తర్వాత ఒకరు దిగి ఆమె వెనక కూర్చున్నారు.

"నిలవడకు, కూసో అమ్మా, బండి కదులుతది," అన్నాడు వ్యానులో కానిస్టేబుల్.

"కూసుంట తియ్యి," అంది ఐలవ్వ. "ముందుగాల మీ సారుకు ఫోన్ కొట్టు. ఒక్క బండి సాలదని చెప్పు."