మూడో మాట

నా కాలు ఒకచోట నిలవడం లేదని పొద్దున్నుంచే ఆఫీసులో అందరికీ తెలుసు. కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడని మా మేస్త్రి రెండుసార్లు అడిగాడు. ఆయన మా బృందానికి పెద్ద. ప్రోగ్రాముల్లో మేం రాసిన ప్రతి వరుసనీ ఇటుకని తట్టినట్టు తట్టి చూస్తాడని ఆ పేరు పెట్టాం.

ఆసుపత్రిలో మంచాల పక్కన మందు ఎక్కించే పంపులుంటాయి కదా, వాటిని అడుగునుంచి నడిపే కెర్నెల్, అంటే మిగతా ప్రోగ్రాములన్నిటినీ అదుపులో ఉంచే మూల ప్రోగ్రాం, మాది. లోపల ఏ ప్రోగ్రాం సాగుతోందో, ఏది ఆగిందో కెర్నెల్ ఒక ఫైల్లో రాస్తుంది. పంపు చేసినవాళ్ళు రాసిన ప్రోగ్రాం అది చదివి తెర మీద చూపిస్తుంది. అందులో ఉండేవి రెండే మాటలు: "నడుస్తోంది", "ఆగింది". మందు తోసే ప్రోగ్రాం ఎక్కడో చిక్కుకుని బిగుసుకుపోయినా, కొన ఊపిరి ఉంది కాబట్టి కెర్నెల్ "నడుస్తోంది" అనే రాస్తుంది.

మా అక్క నర్సు. కిందటి వారం ఆమె వార్డులో అచ్చం అదే జరిగింది. మందు ఆగిపోయింది, తెర మాత్రం అంతా బాగుందంటోంది. రోగి ముఖం పాలిపోవడం చూసి అక్క పరుగెత్తకపోతే ఆ మనిషి దక్కేవాడు కాదు.

అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు. మూడో మాట కావాలి: "తెలియదు". ప్రతి ప్రోగ్రామూ తన పని తాను చేస్తున్నానని కెర్నెల్‌కి కబురు పెడుతూ ఉండాలి. కబురు రాకపోతే, తనకు తెలియదని కెర్నెల్ ఒప్పుకోవాలి. మేస్త్రి కూడా కాదనలేదు. పేచీ అంతా ఆ మాట ఎక్కడ చేర్చాలన్న దగ్గరే. పాత ఫైల్లోనే చేరిస్తే వార్డుల్లో ఉన్న పంపులన్నిటికీ అందుతుందని నేను. పాతది ముట్టుకోకుండా కొత్త ఫైలు పెట్టాలని ఆయన. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. కెర్నెల్ ఒకసారి బయటికి చెప్పిన తీరు మార్చకూడదన్నది మా పనిలో శిలాశాసనం.

"మనకి నియమం ముఖ్యమా, మనిషి ముఖ్యమా?" అన్నాను. గొంతు లేచింది. లేస్తే లేచిందనుకున్నాను.

ఆయన కోప్పడలేదు. పరీక్షల కోసం బల్ల మీద ఉంచిన పంపుని నా వైపు జరిపి, నా మార్పు అందులోకి ఎక్కించి చూడమన్నాడు.

మందుకి బదులు నీళ్ళు పెట్టి, పాత ఫైల్లోనే మూడో మాట రాసే కెర్నెల్‌ని పంపులోకి ఎక్కించాను. ఆ పాత ప్రోగ్రాముకి కబురు పెట్టడం ఎవరు నేర్పారు గనక? కెర్నెల్ వెంటనే "తెలియదు" అని రాసింది. ఎన్నడూ ఎరగని మాట చదివి పంపు బెదిరిపోయింది. తెర నల్లబడింది. అంతవరకు చక్కగా వెళుతున్న నీళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ ఎక్కించాను. మళ్ళీ అంతే.

నా పంతం నెగ్గి ఉంటే అక్క వార్డులో పంపులన్నీ ఒక్కసారే ఆగేవి. నాకు నిజంగా భయమేసింది. మేస్త్రి పంపుని మళ్ళీ తన వైపు జరుపుకున్నాడు. నాలుగు తిట్టి ఉన్నా బాగుండేది.

కొత్త ఫైలు నేనే రాశాను. సాయంత్రం అక్కకి ఫోన్ చేసి, ఇకమీద తయారయ్యే పంపులు అబద్ధం చెప్పవన్నాను. సంతోషించింది.

"మరి మా వార్డులో ఉన్నవో?"

"అవి పాత ఫైలే చదువుతాయక్కా. వాటిని చేసినవాళ్ళు పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. మనం కదిపితే ఆగిపోతాయి."

ఎన్నాళ్ళిలా అని అక్క అడుగుతుందేమోనని బిగుసుకుని కూర్చున్నాను. అడగలేదు.

"సరేరా, ఉంటాను. మంచాల దగ్గరికి వెళ్ళి చూడాలి" అంది.